కల్మా నాదే, గిటారూ నాదే

హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్ బేస్ గిటార్ కొనాలంటే ముందు దాని మెడ చూడాలి. వంగిందా, తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరమంటున్నాయా, నాబ్ తిప్పితే చిటపటలొస్తున్నాయా చూడాలి. నేనవి చూస్తుంటే అమ్మేవాడు నా పేరు చూస్తాడు. ‘ఖవ్వాలీ పార్టీనా భాయ్?’ అంటాడు. కాదంటే నమ్మడు. సాయిబన్నాక ఖవ్వాలీ, గజల్, మర్ఫా. అంతవరకే మాకు గీత గీసి పెట్టారు.

అమ్మబోతే మా మామూ అడ్డమొస్తాడు. ‘బాజా హరామ్. అమ్మిన పైసలూ హరామే బేటా!’ దఫ్ తప్ప ఏదీ కూడదని ఆయన పట్టు. మరి ఆంప్లిఫయరో? బేస్ లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆంప్లిఫయర్ లేకుంటే పక్కవాడికీ వినపడదు. మసీదులో అజాన్‌ను గల్లీ దాటించేదీ ఆంప్లిఫయరే గదా! లౌడ్‌స్పీకర్ కొత్తగా వచ్చినప్పుడు అదీ జాయజా కాదా అని ఉలేమాలు వాదించుకున్నారు. ఇవాళ అది మసీదు సామానే.

అసలీ గిటార్‌ను 1951లో అమెరికాలో లియో ఫెండర్ అమ్మకానికి తెచ్చాడు. మనిషంత ఎత్తు బేస్ మోయలేక, మోతలో అది వినపడక అవస్థపడే వాయిద్యగాళ్ల కోసం తెచ్చాడు. ఏ మతం కోసమూ కాదు. అక్కడే ఆర్నెట్ కోల్మన్ బృందంలో బేస్ గిటార్ వాయించిన జమాలుద్దీన్ టకుమా మొదటి పేరు రూడీ మెక్‌డేనియల్. ఇస్లాం తీసుకొని పేరు మార్చుకున్నాడు. గిటార్ వదల్లేదు.

నన్ను ముస్లింగా గుర్తించడానికి మీకు ఖవ్వాలీ కావాలి. మామూకు నా మౌనం కావాలి. రెండూ ఇవ్వను. కల్మా నాదే, గిటారూ నాదే.