అవ్వ కళ్లకి ఎన్ని వాట్లు?

మాది ఇడుపులపాయ దగ్గర పల్లె. చీనీ కాయలు అమ్మిన డబ్బుతో నాయన రెండేళ్లుగా ఇల్లు కడుతున్నాడు. హాల్లో ఫాల్స్ సీలింగ్ దాకా వచ్చేసరికి చేతిలో పెద్దగా మిగల్లేదు. లైట్ల పని నాకు అప్పజెప్పాడు.

ప్రొద్దుటూరులో ఒక షాపుకెళ్తే, హాలు కొలతలు అడక్కుండానే లిస్టు రాసిచ్చారు. 12 వాట్ల డౌన్‌లైట్లు పది, ఒక్కోటి 350. డిమ్మర్ 400. మొత్తం 3,900. అది చూసి నాయన, "ఇదేమన్నా సినిమా హాలా అబ్బీ?" అన్నాడు.

నేను ముందు ఇంట్లో ఎవరికి ఏం కావాలో చూసుకున్నా. అవ్వకి కంటి ఆపరేషన్ అయింది. తెల్లలైటు నెత్తిమీద సూటిగా పడితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. రాత్రి లేస్తే మాత్రం దారి కనబడాలి. ట్రిపుల్ ఐటీలో చదివే చెల్లెలికి సెలవుల్లో హాలే స్టడీ రూమ్.

వాట్ అంటే లైటు తినే కరెంటు. ఇచ్చే వెలుగుని ల్యూమెన్లలో చెప్తారు. పాత 60 వాట్ల బల్బు సుమారు 800 ల్యూమెన్లు ఇచ్చేది. మంచి 9 వాట్ల ఎల్‌ఈడీ అంత వెలుగు ఇచ్చేస్తుంది. మా 14 బై 12 హాలుకి అలాంటివి ఆరు చాలు. రంగు కూడా చూడాలి. డబ్బా మీద 3000కె అని ఉంటే పసుపు వెలుగు, 6500కె అంటే తెలుపు. అవ్వ కూర్చునే వైపు పసుపువే తీసుకున్నా.

ఉజాలా పథకం 2015 జనవరి 5న మొదలైంది. ప్రభుత్వం టోకున కొనే ఎల్‌ఈడీ బల్బు 2014లో 310 రూపాయలుంటే, 2016కల్లా 38కి దిగింది. మరి డౌన్‌లైటుకి అంత రేటెందుకు? లోపలి డ్రైవర్‌కి, వేడిని లాగే అల్యూమినియం బాడీకి. డ్రైవర్ నాసిరకమైతే లైటు తొందరగా పోతుంది. అందుకే వారంటీ చూడాలి.

డిమ్మర్ దగ్గర ఇంకా జాగ్రత్త. మామూలు ఎల్‌ఈడీకి డిమ్మర్ పెడితే మిణుకుమిణుకుమంటుంది, గుయ్యిమంటుంది. లైటు మీద 'డిమ్మబుల్' అని ఉండాలి. డిమ్మర్ మీద కనీస లోడ్ కూడా చూడాలి. రెండు 9 వాట్ల లైట్లు కలిపితే 18 వాట్లే. కనీసం 60 వాట్లు కావాలనే పాతరకం డిమ్మర్ వాటికి పనికిరాదు.

చివరికి మామూలువి నాలుగు, ఒక్కోటి 240. అవ్వ వైపు డిమ్ అయ్యేవి రెండు, ఒక్కోటి 520. ఎల్‌ఈడీ డిమ్మర్ 650. మొత్తం 2,650. కరెంటు సంగతి చూస్తే, రోజుకి 6 గంటల లెక్కన ఆ పది లైట్లకి నెలకి 21.6 యూనిట్లు, ఈ ఆరింటికి 9.7. యూనిట్ 6 రూపాయలనుకున్నా నెలకి 70 పైనే మిగులు.

మీరూ షాపుకెళ్లేముందు గది కొలతలు, అక్కడ ఎవరు ఏం చేస్తారు, ఎన్ని గంటలు లైటు వెలుగుతుంది అన్నవి ఫోన్‌లో రాసుకోండి. షాపులో ల్యూమెన్లు ఎంతో అడగండి.

మిగిలిన 1,250లో నాయన వంటింట్లో పొయ్యి పైన ఒక లైటు వేయించాడు. పాత ఇంట్లో తన నీడే గిన్నెలో పడుతుందని అమ్మ ఎన్నేళ్లుగానో అంటుండేది.