రైఫిలు మొరాయించిన వేళ

మాది రేపల్లెకు చేరువను కృష్ణాతీరమందలి పెనుమూడి. పులిగడ్డ వంతెన రాకమునుపు, మా రేవులో పడవల ఇనుపకొక్కెములకు ఇసుక చేరి బిగిసిపోవుట చూచినవాడను. 1948లో స్థాపితమైన నేషనల్ క్యాడెట్ కోరులో చేరి పాయింటు 22 రైఫిలు పట్టిన పిమ్మట ఆ సంగతి పలుమారు జ్ఞప్తికి వచ్చెను.

ఒకనాడు నా ప్రక్క బాలుని రైఫిలులో ప్రేలిన తూటా తొడుగు వెలికి రాలేదు. దాని వెనుక క్రొత్త తూటా చిక్కుకొనెను. వాడు బోల్టును అరచేత గ్రుద్దబోగా శిక్షకులు చేయి పట్టి యాపిరి. ఈ జాతి తూటాకు నిప్పు రగిల్చు మందు అడుగు అంచులోనే యుండును. అంచు నలిగినచో బోల్టు మూయకమునుపే ప్రేలవచ్చును. మొన గుఱివైపుననే యుంచి, మాగజీను తీయించి, తూటాను మెల్లగా వెలికి తీసిరి.

ఎక్స్‌ట్రాక్టరు గోరుక్రింద మసియు, గుండ్ల మైనమును పేరుకొని పట్టు జాఱుచుండెను. కొందరు బోల్టును సగమే లాగుదురు. తొడుగు ఎజెక్టరును తాకదు. అది తుపాకి దోషము కాదు, పాపము! మాగజీనులో పై తూటా అంచు క్రిందిదాని అంచునకు వెనుక పడినను తూటా ముందుకు కదలదు.

గోరును బ్రష్షుతో తుడిచిరి. బాలుడు తక్కిన నాలుగును కాల్చెను. మూడు గుఱికి తగిలినవి.