జేబులో పట్టే ట్యాంకు: ఒక వేప్ పరికరాన్ని పరీక్షించి చూశాను



కొంతకాలంగా మా నెల్లిమర్ల ప్రాంతపు తల్లిదండ్రులు నన్ను ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "ఈ వేప్ అనేది ఏమిటండీ? సిగరెట్టు కన్నా మేలట కదా?" జూటు మిల్లు కార్మికుల బీడీలు, చుట్టుపక్కల పల్లెల చుట్టలు, వాటి వల్ల వచ్చిన దగ్గులు, పుండ్లు, ఆయాసాలు చూస్తూనే నా ఉద్యోగ జీవితం గడిచింది. అయినా ఈ కొత్త వస్తువును గురించి పుస్తకంలో చదివి చెప్పడం కంటే, చేతికి వచ్చినప్పుడు విప్పి, లెక్కకట్టి చెప్పడం మేలనిపించింది. ఆ అవకాశం ఇటీవల వచ్చింది. ఆ పరీక్ష వివరాలను మీ ముందుంచుతున్నాను.

పరికరం నా దగ్గరకు తెచ్చినది మా వీధిలోని ఒక తల్లి. ఆమె కుమారునికి పంతొమ్మిదేళ్ళు. డిగ్రీ చదువుతున్నాడు. "డాట్రుబాబూ, మా గుంటడి బేగులో ఇది దొరికింది. ఏటిరా ఇది అంటే, జలుబుకి ఆవిరి పట్టే మిషనంతన్నాడు. పేరు వేపంట. వేపనూనెతో చేస్తారేటి బాబూ?" అని అడిగింది. నవ్వు రాలేదు నాకు. పసుపు, నీలగిరి తైలం వేసిన వేడినీటి ఆవిరి పట్టి పిల్లలను పెంచిన తల్లికి "ఆవిరి" అన్న మాట మీద అనుమానం కలగకపోవడం సహజమే. పిల్లవాడిని కూడా తీసుకురమ్మని చెప్పాను.

విప్పి చూస్తే

పరికరం అగ్గిపెట్టె కన్నా కొద్దిగా పొడవు. పిడికిలి మూస్తే కనబడదు. కింది భాగంలో లిథియం బ్యాటరీ, పై భాగంలో 2 మిల్లీలీటర్ల ద్రవం పట్టే చిన్న ట్యాంకు. ట్యాంకు నడుమ సన్నని లోహపు తీగచుట్ట, దానిలో దూది వత్తి. మన దీపపు ప్రమిదలో వత్తి నూనెను పీల్చుకున్నట్లే ఇక్కడ దూది ద్రవాన్ని పీల్చుకుంటుంది. బ్యాటరీ తీగను వేడెక్కిస్తుంది. వేడికి ద్రవం పొగమంచు వంటి సన్నని తుంపరగా మారుతుంది. పీల్చేవారు దానినే ఆవిరి అంటున్నారు. నిజానికి అందులో ఉన్నవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, సువాసన ద్రవ్యాలు, నికోటిన్ కలిసిన అతి సూక్ష్మమైన బిందువులు. ఈ విధమైన పరికరానికి నేటి రూపం ఇచ్చినది హాన్ లిక్ అనే చైనా ఔషధ నిపుణుడు, 2003లో. అంటే ఈ వస్తువు వయసు ఇంకా పాతికేళ్ళు కూడా నిండలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత అవసరమవుతుంది.

పెట్టె మీద మామిడిపండు బొమ్మ ఉంది. తయారీదారు చిరునామా లేదు. ద్రవంలోని పదార్థాల జాబితా లేదు. మన సిగరెట్టు పెట్టెల మీద 2016 నుంచి 85 శాతం మేర ముద్రించవలసిన బొమ్మల హెచ్చరిక వంటిదేదీ లేదు. ఉన్నదల్లా "5 శాతం" అన్న ఒక అంకె. ఆ కుర్రవాడు దానిని పాలలో వెన్నశాతంలాగా చాలా తక్కువ అనుకున్నాడు. లెక్క చూడండి. 5 శాతమంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల నికోటిన్. 2 మిల్లీలీటర్ల ట్యాంకులో 100 మిల్లీగ్రాములు. ఒక సిగరెట్టు తాగినవారి రక్తంలోకి చేరేది సుమారు 1 నుంచి 2 మిల్లీగ్రాములు మాత్రమే. ట్యాంకులోని నికోటిన్ అంతా ఒంటికి పట్టదన్నది నిజమే. అయినా చిన్న ట్యాంకులో ఎంత మత్తు దాగి ఉన్నదో ఈ లెక్క చెబుతుంది. ఐరోపా సమాఖ్య దేశాలలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి అమ్మకూడదన్న నిబంధన ఉంది. ఇంట్లో పాకే పసిబిడ్డ ఈ ద్రవాన్ని నోట పోసుకుంటే ప్రాణాపాయమే.

దూది పరీక్ష

నేను దానిని నోట పెట్టలేదు. ఎవరూ పెట్టి చూడవద్దు కూడా. మా వరండాలో ఒక 50 మిల్లీలీటర్ల సిరంజి, చిన్న రబ్బరు గొట్టం, నడుమ తెల్లని దూది అమర్చాను. ప్రయోగశాలలలో ఈ పరికరాలను పరీక్షించే యంత్రాలు ఒక్కో దమ్ముకు 55 మిల్లీలీటర్లు, 3 సెకన్లపాటు, 30 సెకన్లకొకసారి లాగుతాయి. సిగరెట్టుకైతే 35 మిల్లీలీటర్లు, 2 సెకన్లు, నిమిషానికొకసారి. నా సిరంజి అంత కచ్చితమైనది కాదు గాని, దాదాపు ఆ లెక్కలోనే పరికరం నుంచి ఇరవై దమ్ములు లాగాను. మరొక సిరంజితో ఒక సిగరెట్టు పూర్తిగా కాల్చాను.

సిగరెట్టు దూది చిక్కని చింతపండు రసం రంగుకు తిరిగింది. దాని కంపు వరండా అంతా నిండింది. వేప్ దూది తడిసి, పంచదార పాకంలా బంకగా ఉంది. మామిడి వాసన వస్తోంది. రంగు మాత్రం దాదాపు తెలుపే.

కుర్రవాడి ముఖం వికసించింది. "చూశారా తాతగారూ! నేను అమ్మకి ముందే చెప్పాను" అన్నాడు. ఈ మాటను కొట్టిపారేయలేము. కాలే పొగాకు నుంచి వచ్చే తారు ఇందులో లేదు, కార్బన్ మోనాక్సైడు ప్రసక్తీ లేదు. సిగరెట్టు కొన దమ్ము లాగినప్పుడు సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఇక్కడ ఆ మంట లేదు. అందుకే బ్రిటన్ ప్రజారోగ్య సంస్థ 2015లో ఇవి సిగరెట్టు కన్నా 95 శాతం తక్కువ హానికరమని అంచనా కట్టింది. ఏళ్ళ తరబడి సిగరెట్టు తాగి మానలేకపోతున్నవారికి ఇవి నికోటిన్ గమ్ము కన్నా ఎక్కువగా తోడ్పడ్డాయని చెప్పే పరిశోధనలూ ఉన్నాయి. వైద్యుడు ఉన్నదున్నట్లు చెప్పాలి. లేకుంటే పిల్లలు తక్కిన మాటలు కూడా నమ్మరు.

అయితే దూది చూపనివి ఉన్నాయి. మొదటిది లోహం. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2018లో 56 మంది వాడుకదారుల పరికరాలను పరీక్షించారు. సీసాలోని ద్రవంలో అతి తక్కువగా ఉన్న సీసం, నికెల్, క్రోమియం వంటి లోహాలు, వేడి తీగను తాకిన తరువాత ట్యాంకులోని ద్రవంలోను, పీల్చే తుంపరలోను ఎన్నో రెట్లు పెరిగి కనిపించాయి. రెండవది మాడిన వత్తి. ద్రవం అడుగంటి దూది ఎండినప్పుడు తీగ వేడి హద్దు దాటుతుంది. గ్లైకాల్, గ్లిసరిన్ విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటివి పుడతాయి. మేము వైద్య విద్యార్థులుగా శరీర నిర్మాణశాస్త్రం గదిలో కళ్ళు మండుతూ పీల్చిన ఫార్మలిన్‌లో ఉండేది ఈ ఫార్మాల్డిహైడే. ఆ కుర్రవాడి ట్యాంకు విప్పి చూస్తే వత్తి నడిమి భాగం నల్లగా మాడి ఉంది. మూడవది సువాసన. తినడానికి పనికివచ్చినదంతా పీల్చడానికి పనికిరాదు. అమెరికాలో వెన్న వాసన కోసం పాప్‌కార్న్‌లో కలిపే డైఅసిటైల్‌ను పీల్చిన కర్మాగార కార్మికుల ఊపిరితిత్తుల సన్నని నాళాలు మూసుకుపోయాయి. అదే దేశంలో 2019-20లో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రి పాలైనవారు, మరణించినవారు కలిపి 2,807 మంది. వారిలో 68 మంది చనిపోయారు. గంజాయి సారం కలిపిన ద్రవాలలో చిక్కదనానికి చేర్చిన విటమిన్-ఇ ఎసిటేట్ అందుకు ప్రధాన కారణమని తేలింది. అది చర్మానికి పూసే లేపనాలలో మామూలుగా వాడే పదార్థమే. పెట్టె మీద పేరు, ఊరు లేని ద్రవంలో ఏమి కలిపారో ఎవరు చెప్పగలరు?

పరీక్షించవలసినది ఎవరిని?

అంతర్జాలంలో ఈ పరికరాల గుణదోషాలు చెప్పేవారు చూసేవి కొన్నే. జేబులో ఇముడుతుందా, కారుతుందా, రుచి బాగుందా, గొంతు గీరుకోకుండా పోతుందా. ఈ చివరి గుణాన్ని గొప్పగా చెబుతారు. వైద్యుని దృష్టిలో అదే పెద్ద లోపం. మామూలు నికోటిన్ గాఢత పెరిగితే గొంతు మండుతుంది, దగ్గు వస్తుంది. దగ్గు మన శ్వాసనాళానికి కావలివాడు. నికోటిన్‌కు ఆమ్లం చేర్చి లవణంగా మారిస్తే ఆ మంట తగ్గుతుంది, కావలివాడు నిద్రపోతాడు. అప్పుడు ఎంత నికోటిన్ లోపలికి పోతున్నదో పీల్చేవాడికే తెలియదు. మెదడు ఎదుగుదల పాతికేళ్ళ దాకా సాగుతుంది గనుక, ఆ వయసులోని పిల్లలకు నికోటిన్ పట్టు మరింత గట్టిగా బిగుస్తుంది.

అందుకని పరికరాన్ని పక్కన పెట్టి కుర్రవాడిని మూడు ప్రశ్నలు అడిగాను.

"నిద్ర లేచిన ఎంతసేపటికి దీనిని తీస్తావు నాయనా?"

"కళ్ళు తెరవగానే తాతగారూ. దిండు కిందే ఉంటాది."

పొగాకు బానిసత్వాన్ని కొలవడానికి వైద్యులు వాడే ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న ఇదే. అయిదు నిమిషాల లోపల అన్నవారికి అత్యధిక మార్కు.

"ఇది దగ్గర లేనప్పుడు?"

కొంతసేపు తల దించుకున్నాడు. "మొన్న పరీక్ష హాల్లో మూడు గంటలు కూర్చోలేకపోయానండీ. రెండు గంటలకే పేపరిచ్చి వచ్చేశాను. అమ్మకి చెప్పలేదు."

"అంతకు ముందు సిగరెట్టు తాగేవాడివా?"

"ఛ, లేదండీ! ఆ కంపు నాకు పడదు."

ఈ మూడవ జవాబుతో సిగరెట్టుతో పోలిక మొత్తం అప్రస్తుతమైపోయింది. 95 శాతం తక్కువ హాని అన్నది సిగరెట్టు తాగేవాడు దీనికి మారినప్పటి లెక్క. ఏమీ తాగని కుర్రవాడికి ఈ వస్తువు తెచ్చినదంతా కొత్త హానే. కంపు లేదు గనుక, గొంతు మండదు గనుక, దూది తెల్లగా ఉంటుంది గనుకనే అతడు దీనికి లొంగాడు.

మన జిల్లాల అనుభవం

కనబడని హానిని కనిపెట్టడానికి ఎంత కాలం పడుతుందో మన ఉత్తరాంధ్రవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మన తీరప్రాంతపు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల ఉంచుకొని అడ్డపొగ తాగేవారు. గాలికి నిప్పు ఆరదు, బూడిద చంకలోని బిడ్డ మీద రాలదు, పదిమందిలో కనబడదు. "మా అమ్మ తాగింది, దానికేటైంది?" అని నాతో వాదించిన వృద్ధురాళ్ళు ఎందరో. వారు అబద్ధమాడలేదు. హాని అంగిట్లో జరుగుతోంది. అంగిలిని ఎవరు చూసుకుంటారు?

చూసినవారు వైద్య పరిశోధకులు. డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి పరిశోధకులు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడలేదు. అడ్డపొగ తాగేవారి అంగిట్లో తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుండ్లు, క్యాన్సర్లు కనిపించాయి. ప్రపంచంలో అరుదైన అంగిలి క్యాన్సరు మన దగ్గర ఎందుకు ఎక్కువో తేటతెల్లమైంది. వారు చుట్టను కోసి చూసి ఈ సంగతి తెలుసుకోలేదు. తాగినవారి నోరు తెరిపించి, ఊరూరా తిరిగి తెలుసుకున్నారు. అప్పటికి ఆ అలవాటు తరాల నాటిది.

వేప్ అంత పాతది కాదు. దానిని చిన్ననాటి నుంచి ముప్పై నలభై ఏళ్ళు పీల్చిన మనిషి ఇంకా ఈ లోకంలో లేడు. ఆ పరీక్ష ఇప్పుడు మన పిల్లల ఊపిరితిత్తులలో జరుగుతోంది. ఇదే నా మూల్యాంకనం.

చేయవలసినవి

మన దేశంలో ఈ పరికరాల తయారీ, దిగుమతి, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన 2019 సెప్టెంబరు 18 నుంచి నిషిద్ధం. అమ్మినవారికి మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, మళ్ళీ పట్టుబడితే మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. స్నేహితులకు అమ్మిపెట్టే పిల్లలకు ఈ సంగతి తెలియదు. చెప్పండి.

ఇంట్లో ఇటువంటిది దొరికితే కొట్టకండి, నలుగురిలో నిలదీయకండి. దాచుకోవడం మరింత నేర్చుకుంటారు. నేనడిగిన మూడు ప్రశ్నలు శాంతంగా అడగండి. పరికరాన్ని పొయ్యిలోను, చెత్త మంటలోను వేయవద్దు, లిథియం బ్యాటరీ పేలుతుంది. మానిన మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏకాగ్రత లేకపోవడం ఉంటాయి. మూడు నాలుగు వారాలలో అవి తగ్గుముఖం పడతాయి. అవసరమైతే డాక్టరు సలహాతో నికోటిన్ గమ్ము లేదా పట్టీ కొద్ది వారాలు వాడవచ్చు. 1800-112-356 నంబరుకు ఉచితంగా ఫోను చేస్తే పొగాకు మానడానికి సలహా ఇస్తారు. దగ్గు, ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళి, వేప్ పీల్చిన సంగతి వైద్యునికి దాచకుండా చెప్పండి. అది చెప్పకపోతే మామూలు న్యుమోనియా అనుకొనే ప్రమాదముంది.

మీ పిల్లలు "ఇది ఆవిరే" అంటే, ట్యాంకులో ఉన్న నికోటిన్ ఎన్ని మిల్లీగ్రాములో వారి చేతనే లెక్క కట్టించండి.

శుభం.