క్యాసెట్‌లో బిస్మిల్లా

అనకాపల్లిలో మా ఇంట్లో 'బిస్మిల్లా' అనకుండా పొయ్యి వెలిగేది కాదు. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండాక పలక పట్టించి మాతో మొదట పలికించిందీ ఆ మాటే. అల్లా పేరుతో మొదలుపెడుతున్నామని అర్థం. మా ఊరి బెల్లం వర్తకులు కొత్త ఖాతా పుస్తకం మీద 'శ్రీ' రాసుకున్నట్టే.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలాక మా అమ్మీ ఆ మాట బయట పైకి అనడం మానేసింది. విశాఖపట్నం బస్సులో టిఫిను డబ్బా మూత తీస్తూ పెదాలు కదిపేది, అంతే. మేమూ అదే నేర్చుకున్నాం. ఇంట్లో ఉర్దూ, గుమ్మం దాటితే తెలుగు. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా గొంతు తగ్గింది.

అలాంటి రోజుల్లో, 1996లో, ఇంటర్ చదువుతుండగా విశాఖలో ఒక రికార్డింగ్ షాపులో 90 నిమిషాల ఖాళీ క్యాసెట్ ఇచ్చి పాటలు నింపించుకున్నాం. ఒకవైపు అబ్బా కోసం ఖవ్వాలీలు. రెండోవైపు క్వీన్ బ్యాండు వాళ్ల 'ఎ నైట్ ఎట్ ది ఒపెరా'. 43 నిమిషాల ఆల్బం, ఒకవైపుకి సరిపోయింది.

అది 1975 నవంబరులో వచ్చింది. వాళ్లకి నాలుగో ఆల్బం. అంతకుముందటి 'షీర్ హార్ట్ ఎటాక్' బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్తే, ఇది మొదటి స్థానానికి చేరింది. అందులోని 'బొహీమియన్ రాప్సొడీ' దాదాపు ఆరు నిమిషాల పాట. అంత పొడుగు పాట రేడియోలో వెయ్యరన్నారు. తొమ్మిది వారాలు అక్కడ అదే నంబర్ వన్. పాట మధ్యలో గిటార్లు ఆగి, నాటకంలో లాగా గొంతులు లేస్తాయి. పాడింది ముగ్గురే. గొంతు మీద గొంతు ఎక్కించి గుంపును తయారుచేశారు. ఒక కుర్రాణ్ణి విడిచిపెట్టమని కొందరు, కుదరదని కొందరు. ఆ గొడవలో గుంపంతా ఒక్కసారిగా అరుస్తుంది: బిస్మిల్లా!

మేం క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ విన్నాం. అదే మాట. అమ్మీ బస్సులో మింగేసిన మాట. పక్కింటి మామ్మ గోడ మీంచి, "ఏటి బాబూ, ఇంగిలీసు పాటలోకీ మీ దేవుడొచ్చేసినాడేటి?" అని నవ్వింది. అబ్బా "ఫిర్ సే లగా" అన్నారు. విని, "పాడేవాడు మనవాడేనా?" అనడిగారు.

కాదు. ఆ పాట రాసి పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫర్రోఖ్ బుల్సారా. పార్శీ. 1946లో జాంజిబార్‌లో పుట్టాడు. మహారాష్ట్రలోని పంచ్‌గనిలో బోర్డింగ్ స్కూల్లో చదివాడు. 1964 విప్లవంతో ఆ కుటుంబం జాంజిబార్ విడిచి ఇంగ్లండు చేరింది. పాట అర్థం విప్పి చెప్పకుండానే అతను 1991లో చనిపోయాడు. ముస్లింలు ఎక్కువగా ఉండే జాంజిబార్ వీధుల్లో ఆ మాట విని ఉంటాడని మా ఊహ.

బి.ఏ. అయ్యాక ఒక పత్రికలో చేరాం. డెస్కులో ఒక పెద్దమనిషి "మీ తెలుగు బాగుందే, ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. శారదా నది ఒడ్డున ఆడుకుని, నూకాలమ్మ జాతరలో రంగులరాట్నం ఎక్కి పెరిగినవాళ్లం, ఎక్కడ నేర్చుకుంటాం? మా పేరు చూస్తే పాఠకులు వ్యాసాన్ని వేరేగా చదువుతారనీ అన్నాడు. కలం పేరు పెట్టుకున్నాం. మూడేళ్లు రాశాం. అబ్బా కత్తిరించి దాచిన కాగితాల్లో ఎక్కడా కొడుకు పేరు లేదు. ఒకరోజు ఉర్దూలో అడిగారు: "నీ పాటగాడు పేరు వదులుకున్నా ఒక మాట దాచుకున్నాడు. నువ్వేం దాచుకున్నావురా?"

ఫర్రోఖ్‌ని మేం తప్పుపట్టం. కొందరికి పేరు మార్చుకోవడం ఇష్టం. మాకది షరతు. అదీ తేడా.

మర్నాడే ధైర్యం రాలేదు, ఏడాది పట్టింది. సొంత పేరుతో మొదటి వ్యాసం అచ్చయ్యాక నాలుగు ఉత్తరాలొచ్చాయి. ఒకటి తిట్టు. మిగతా మూడూ తెలుగు ఎక్కడ నేర్చుకున్నారని అడిగినవే!

2022లో మా అనకాపల్లి జిల్లా అయింది. అమ్మీ ఇప్పటికీ బస్సులో పెదాలే కదుపుతుంది. పక్కన కూర్చుని మేం వినపడేలా అంటాం. ఉర్దూ మాదే, తెలుగూ మాదే. ఒకటి గుమ్మం బయట విడిచి రమ్మంటే ఆ ఇంటికి మేం రాం.