నల్లజర్లలో ఒక శుభలేఖ

తాడేపల్లిగూడెం నుంచి నల్లజర్ల దాకా బస్సు కిటికీలోంచి బోర్డులే చూసుకుంటూ వచ్చాను. పత్రికకు శీర్షికలు దిద్దే పని నాది, అక్షరం కనబడితే చూపు అక్కడే ఆగుతుంది. ఎరువుల కొట్ల ఫ్లెక్సీల మధ్య పెయింటర్లు బ్రష్‌తో రాసిన గోడలు ఒకటీ అరా ఇంకా మిగిలున్నాయి.

నల్లజర్లలో దిగి శుభలేఖల షాపుకు వెళ్లాను. కంప్యూటర్ ముందున్న కుర్రాడు ఇంగ్లిష్ పేజీ కంపోజ్ చేస్తున్నాడు. పేర్లు, తేదీ, చిరునామా అన్నీ ఓల్డ్ ఇంగ్లిష్ ఫాంటులోనే, అదీ క్యాపిటల్స్‌లో. పెళ్లికొడుకు పేరు కూడబలుక్కుంటే గాని అంతుపట్టలేదు.

“ఇదే కావాలంటారండీ, రిచ్‌గా ఉంటదని.”

“బాగానే ఉంది బాబూ. మొదటి అక్షరం ఒక్కటే క్యాపిటల్ ఉంచి చూడు.”

మార్చాడు. పేరు తేటగా కనబడింది. మధ్యయుగపు ఐరోపాలో వెడల్పు పాళీని ఒకే వాలులో పట్టి, నిలువు గీతలను ఇరుకుగా పేర్చి, ఈ ఓల్డ్ ఇంగ్లిష్‌కు మూలమైన బ్లాక్‌లెటర్ రాసేవారు. 1455 ప్రాంతంలో మైంజ్‌లో గూటెన్‌బర్గ్ బైబిలును అచ్చువేసింది ఈ రాతను పోలిన అక్షరాలతోనే. ఇందులో క్యాపిటల్ మాట ముందు ఒంటరిగా నిలబడాల్సిన అలంకారం. నాలుగింటిని పక్కపక్కన పెడితే ఒకదాని వంకీలు ఇంకొకదాన్ని మింగేస్తాయి.

బ్లాక్‌లెటర్‌తో మనకూ పాత చుట్టరికం ఉంది. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలెలో 1746–47లో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. మన తొలి అచ్చుపుస్తకాలుగా చెప్పేవి అవే. ఆ రోజుల్లో జర్మన్ భాషకు అక్కడ వాడుకలో ఉన్నది బ్లాక్‌లెటర్ కుటుంబానికే చెందిన ఫ్రాక్టూర్.

“మరి తెలుగులో ఇంత బరువు రాదాండీ?” అన్నాడు కుర్రాడు.

ఊరి పేరే టైప్ చేయమన్నాను. నల్లజర్లలో ల కింద ఒక లవత్తు, ర కింద మరొకటి. ఉన్న ఫాంటుకే ఔట్‌లైన్ ఎక్కించి లావు చేశాడు. తలకట్లు పక్క అక్షరాలకు తగిలాయి, వత్తుల లోపలి సందులు పూడిపోయాయి. తెలుగులో బరువు పైనుంచి పులిమితే రాదు, గీసేటప్పుడే వత్తుకు చోటు చూసుకోవాలి. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా ఇచ్చిన రామభద్ర ఫాంటు దింపించాను. అది మొదటినుంచీ లావుగానే గీసినది. అందులో పెడితే ఊరి పేరు నిండుగా, చదివేలా వచ్చింది.

అయితే పెళ్లికి అంత బరువు నాకు నచ్చలేదు. నరసాపురంలో పుట్టిన బాపు చేతిరాత ఫాంటుగా ఉండనే ఉంది. గుండ్రదనం చెడకుండానే గీత లావెక్కి సన్నబడుతుంది. శుభలేఖకు అంతకన్నా ఏం కావాలి! తెలుగు పేజీలో పేర్లకు అదే పెట్టించాను. ఇంగ్లిష్ పేజీలో రెండు పేర్లకే బ్లాక్‌లెటర్ ఉంచి, ముహూర్తం, చిరునామా మామూలు అక్షరాల్లోకి మార్చాడు.

ప్రూఫ్ పెళ్లివారికి వాట్సాప్‌లో వెళ్లింది. కాసేపటికి జవాబొచ్చింది: “బాగుంది. తెలుగులో తాతగారి పేరు కూడా ఆ రాతలోనే వెయ్యండి.”