తెగిన బెల్టు చెప్పిన మాట

శామీర్‌పేట దగ్గర ఒక పెద్ద ప్రాంగణంలో తోట పనికి చేరిన మూడో ఏడు నాకు గడ్డి కోసే బండి ఇచ్చారు. చిన్న ట్రాక్టర్‌లా మీద కూర్చుని నడిపేది. ఆ రోజే తండాకు ఫోన్ చేసి యాడికి చెప్పుకున్నాను. వానకాలం వచ్చేసరికి ఆ సంతోషం పోయింది. రెండు నెలల్లో మూడు బెల్టులు తెగాయి.

"మల్ల తెంపినవా? మీకు ఎడ్లు తోలుడే వస్తది, మిషన్లు రావు" అన్నాడు సూపర్‌వైజర్. ఇంకోటి తెగితే జీతంలో పట్టుకుంటానన్నాడు. బెల్టు ధర నా వారం జీతం. అయినా డబ్బు కంటే 'మీకు' అన్న మాటే ఎక్కువ తగిలింది. అది నా ఒక్కడి మీద పడిన మాట కాదు.

ఆదివారం తెగిన బెల్టు సంచిలో వేసుకుని మేడ్చల్ పోయాను. అక్కడ పిండి గిర్నీలకు బెల్టులు వేసే పెద్దాయన ఉన్నాడు. "కొత్తది వద్దు కాకా, ఇది ఎందుకు తెగిందో చెప్పు" అన్నాను. ఆయన దాన్ని వెలుగులో తిప్పి చూశాడు.

"పక్కలు అద్దం లెక్క మెరుస్తున్నయ్ చూడు, ఇది జారుడు. ఒక్క అంచే పీచు లేస్తే చక్రాలు ఒక్క వరసల లేవన్నట్టు. ఒక్క తానే కాలితే బ్లేడు ఇరుక్కుని పుల్లీ ఆగిందన్నట్టు. లోపలి దిక్కు అడ్డం పగుళ్లుంటే ముసలిదైంది. నీది జారి, కాలి తెగింది. బిగువు ఏడ పోయిందో చూసుకో."

మర్నాడు ఇంజన్ ఆపి, తాళం తీసి, స్పార్క్ ప్లగ్ వైరు పీకి, బ్లేడ్ల డెక్కు మీది మూత విప్పాను. బెల్టును నొక్కిపట్టేది ఒక చిన్న చక్రం. అది ఒక ఇనుప చేతికి ఉంటుంది. ఆ చేతిని స్ప్రింగు గుంజుతుంది. బెల్టు సాగిన కొద్దీ చెయ్యి జరిగి వదులు తీసేయాలి. చక్రాన్ని వేలితో తిప్పితే గరగర లేకుండా తిరిగింది, అంటే బేరింగు బాగుంది. స్ప్రింగూ సాగలేదు. చేతిని నెడితే మాత్రం కదల్లేదు. తడి గడ్డి, ఎర్రమట్టి కలిసి దాని కీలు దగ్గర పిడకలా గట్టిపడ్డాయి. లోపల తుప్పు. మూడుసార్లు బెల్టు మార్చాం, ఒక్కసారీ ఆ చేతిని ముట్టి చూడలేదు.

ఇంట్లో నులక మంచం కుంగితే యాడి కొత్త నులక కొనదు. కాళ్ల దిక్కు తాడు గుంజి బిగిస్తుంది. పుట్టినప్పటి నుంచి చూసిందే. బండి దగ్గర మాత్రం గుర్తుకు రాలేదు. మిషన్ అంటే మనది కాదన్న భయం నాలోనూ ఉంది.

కీలు విప్పి, తుప్పు గీకి, గ్రీజు పెట్టాను. సరైన కొలత బెల్టును డెక్కు మీద అంటించిన బొమ్మ చూసుకుంటూ, మెలిక పడకుండా ఎక్కించాను. కోత అయిన ప్రతిసారీ డెక్కు దులపడం అలవాటు చేసుకున్నాను. ఆ బెల్టు మరుసటి వానకాలం దాకా వచ్చింది. సూపర్‌వైజర్ ఏమీ అనలేదు. ఇంకో బండి కీచుమన్న రోజు మాత్రం నన్నే పిలిచాడు.

సార్లకు, టీచర్లకు ఒక మాట. కప్పీల పాఠం చెప్పే రోజు ఒక తెగిన బెల్టును పిల్లల చేతిలో పెట్టండి. ఎందుకు తెగిందో వాళ్లనే చెప్పనివ్వండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరైనా మీ మీద తప్పు మోపితే తల దించే ముందు ఆ వస్తువును ఒకసారి తిప్పి చూడండి. నా మూడో బెల్టు ఇప్పటికీ మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది.