మొదటి మూరెడు

'ఆదిలోనే హంసపాదు' అనే మాట మన నోళ్ళలో నానుతూనే ఉంటుంది. రాతలో అక్షరం పడిపోతే, ఆ చోట కింద చిన్న గుర్తు పెట్టి పైన అక్షరం ఇరికిస్తాం చూడండి, ఆ గుర్తే హంసపాదు. ఉత్తరం మధ్యలో వస్తే ఫర్వాలేదు. మొదటి మాటలోనే వచ్చిందంటే చదివేవాళ్ళకి నవ్వు, రాసేవాళ్ళకి ఒళ్ళుమంట. పెళ్ళిళ్ళకీ, ప్రయాణాలకీ, పిండివంటలకీ మనం వాడే ఈ సామెత అచ్చంగా అతికేది ఒక ఆటకి. ఆ ఆట గోల్ఫు.

గోల్ఫనగానే పేజీ తిప్పెయ్యకండి. నర్సీపట్నంలో గోల్ఫేమిటని మీరడుగుతారని నాకు తెలుసు. నిజమే, లేదు. అబీద్ సెంటర్లో నిలబడితే చెరుకు బళ్ళు కనిపిస్తాయి, చలికాలంలో లంబసింగి మంచు చూడ్డానికి తెల్లారకుండానే పరిగెత్తే కార్లు కనిపిస్తాయి. గోల్ఫు మైదానం మాత్రం కనిపించదు. ఆడాలంటే బస్సెక్కి విశాఖపట్నం పోవాలి, ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బుకి. కలకత్తాలో అయితే దొరలు 1829లోనే క్లబ్బు పెట్టేశారు. ఇక మా ఇంటికి ఆ ఆట సంక్రాంతి పండక్కి మా మేనల్లుడి భుజమెక్కి వచ్చింది.

వాడు మా తమ్ముడి కొడుకు. విశాఖలో ఉద్యోగం. ఏడాదిగా ఆఫీసు స్నేహితులతో కలిసి నేర్చుకుంటున్నాడట. పది రోజులు సెలవు పెట్టి ఓ భుజానికి బట్టల సంచీ, ఇంకో భుజం మీద ఇనప కర్రా వేసుకుని దిగాడు. ఆటలో 14 కర్రల దాకా వెంట ఉంచుకోవచ్చట గానీ వీడు తెచ్చింది ఒక్కటే, ఏడో నంబరుది. ఆ రాత్రి భోజనాల దగ్గర మొహం వేలాడేసుకుని, "నా టేక్‌అవే ఏమీ బాగాలేదు మావయ్యా" అన్నాడు.

మావారు జాలిపడి, "ఏ హోటల్లో కట్టించావురా? ఇంటికొస్తూ ఆ పార్సిళ్ళెందుకు, మీ అత్తయ్య వండి పెట్టదూ?" అన్నారు.

వాడు నవ్వలేక నవ్వి వివరం చెప్పాడు. టేక్‌అవే అంటే పార్సిల్ కాదట. బంతి వెనకాల నేలకి ఆనించి పెట్టిన కర్రని వెనక్కి తీసుకెళ్ళడం మొదలుపెడతారే, ఆ తొలి కదలికట. ఎంత మేర? మూరెడు, కాదంటే రెండు మూరలు. పూలమ్మాయి మోచేతి మీద మల్లెచెండు కొలిచి ఇస్తుంది చూడండి, అంత. బంతిని కొట్టేది ముందుకే. కానీ అది ఎటు పోతుందన్నది సగానికి సగం వెనక్కి వెళ్ళే ఆ మొదటి మూరెడులోనే తేలిపోతుందట.

మర్నాటి నుంచి మా పెరడు క్రీడారంగమైంది. బట్టలారేసే తీగమీద పాత బొంత వేలాడదీశాడు. చిల్లులు పొడిచిన తేలికపాటి ప్లాస్టిక్ బంతులు కొడితే బొంతకి తగిలి చప్పుడు చెయ్యకుండా రాలిపోవాలి. అసలు తగిలితేగా! అన్నీ కుడివైపుకి కొట్టుకుపోయి కరివేపాకు చెట్టులో ఇరుక్కునేవి. పాలవాడు చూసి, "అదేటమ్మా, పాము గానొచ్చిందేటి?" అని సైకిలు గేటు దగ్గరే ఆపేశాడు. పక్కింటి పిన్నిగారు గోడమీంచి తొంగిచూసి, "ములక్కాడలకైతే మా ఇంట్లో ఇంతకంటే పొడుగు గెడ ఉందమ్మా, ఇమ్మంటావా?" అన్నారు.

నాకు ఆట రాదు. కానీ నలభై ఏళ్ళుగా ముగ్గులు పెడుతున్న చెయ్యి నాది. గీత ఎక్కడ వంకర తిరిగిందో కంటికి ఇట్టే తెలుస్తుంది. వాడు ఫోన్లో బొమ్మ తీసుకుని మెల్లిగా నడిపించి చూస్తుంటే నేనూ పక్కన కూచున్నాను. వాడి చేతులు గబుక్కున కర్రని లాక్కుంటున్నాయి. మణికట్లు తాళంచెవి తిప్పినట్టు గిర్రున తిరుగుతున్నాయి. దాంతో కర్ర వెనక్కి పోవాల్సింది పోయి ఒంటిని చుట్టేసి వీపు వెనక్కి చేరుతోంది. అక్కణ్ణించి తిన్నగా దిగే దారి లేదు. అంచేత భుజం విసిరి బయటనుంచి లోపలికి కోస్తున్నాడు. బంతి బొంగరంలా పక్కవాటుగా తిరుగుతూ కుడికి పోతోంది. కరివేపాకు చెట్టు చేసిన పాపం ఏమీ లేదన్నమాట.

మరి ఎలా తీయాలి? రెండు భుజాలూ, రెండు చేతులూ కలిపి చూస్తే ఓ త్రికోణం కనిపిస్తుంది. అది చెదరకుండా భుజాలూ చేతులూ కర్రా ఒక్కటిగా కదలాలి. ఒకటి ముందు, ఒకటి వెనక కాకూడదు. కర్ర తల మొదటి అడుగు దూరం నేలని తడుముతున్నంత కిందుగా పోవాలి. ఆ తర్వాత భుజాలు తిరుగుతాయి కనక అదే కాస్త లోపలికి వంపు తీసుకుంటుంది. మనం వంచక్కర్లేదు. కర్ర నడుం ఎత్తుకొచ్చి నేలకి సమంగా నిలిచేసరికి, రెండు పాదాల వేళ్ళనీ కలుపుతూ గీసిన గీత ఎటుంటే కర్రా అటే ఉండాలి. కర్ర మొహం ఆకాశంలోకి చూడకూడదు. ముందుకి వంగిన మన వీపు ఎంత వాలుగా ఉందో అదీ అంత వాలుగా ఉండాలి. పట్టు సంగతంటారా, పసిపిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాం చూడండి, అలాగ. వదిలేయకూడదు, నొక్కెయ్యకూడదు.

దీనికోసం పట్నంలో నేలమీద పుల్లలు పరిచి సాధన చేస్తారట. పండగ రోజుల్లో మనకి పుల్లలెందుకు? ముగ్గుపిండి తెచ్చి రెండు గీతలు సమంగా లాగాను. ఒకటి బంతి కింద నుంచి, ఇంకోటి వాడి కాలివేళ్ళ ముందు నుంచి. కర్ర తలకి వెనకాల ఇంకో బంతి ఆనించి పెట్టి, వెనక్కి తీసేటప్పుడు దాన్ని నెట్టమన్నాడట వాడి గురువు. కర్ర తిన్నగా కదిలితే ఆ బంతి ముగ్గుగీత మీదే దొర్లుతుంది. చెయ్యి లాక్కుంటే గీత చెరిపి పక్కకి పోతుంది. ఇంకో సాధన, రెండు చంకల్లోనూ తువ్వాలు నొక్కిపెట్టి, జారిపోకుండా నడుం ఎత్తుదాకా తియ్యడం. మూడోది, కర్రని బాగా కిందికి పట్టుకుని, పిడి చివర బొడ్డుకి ఆనించి, అది ఊడకుండా ఒంటితోపాటు తిప్పడం. మొదటి మూడు రోజులు బంతి కొట్టనే లేదు. మూరెడు వెనక్కి, మళ్ళీ మొదటికి. మావారు పేపరు దించి, "వీడు కొడతాడా, ఊడుస్తాడా?" అన్నారు.

ఎందుకింత చాదస్తం అంటే, దానికో లెక్క ఉంది. చెయ్యి తిరిగిన ఆటగాళ్ళకి కర్ర వెనక్కెళ్ళి పైకి చేరడానికి దాదాపు ముప్పావు సెకను పడుతుంది. కిందికి దిగి బంతిని తాకడానికి పావు సెకను. ఆ పావు సెకనులో 'అయ్యో, దారి తప్పింది' అని బుర్రకి తట్టి, చేతికి చెప్పి, చెయ్యి సరిదిద్దుకునే వ్యవధి లేదు. దిద్దుకోడానికి వీలున్న చోటు ఒక్కటే, నెమ్మదిగా కదిలే ఆ మొదటి మూరెడు. తర్వాతంతా దానికి ఫలితమే.

ఇది వింటుంటే నాకు అదితీ అశోక్ గుర్తొచ్చింది. ఏడాది ఆలస్యంగా 2021లో టోక్యో ఒలింపిక్సు జరిగినప్పుడు, గోల్ఫంటే తెలియని ఇళ్ళల్లో కూడా పొద్దున్నే టీవీలు పెట్టుకుని ఆ బెంగుళూరు పిల్ల ఆట చూశారు. ఒక్క దెబ్బ తేడాలో పతకం పోయి నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగు రోజులూ పక్కన కర్రల సంచీ మోస్తూ నడిచింది వాళ్ళమ్మే. అయిదేళ్ళ కిందట రియోలో వాళ్ళ నాన్న మోశారు. పతకం పోయిందని అందరూ బాధపడ్డారు, నేనూ పడ్డాను. కానీ నా మనసులో నిలిచిపోయింది ఇంకోటి. ఆ పిల్ల బంతి ముందు నిలబడగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా మాట ఆపేసి కదలకుండా నిలబడేవారు. అది ఆ ఆట మర్యాదట. ఒక ఆడపిల్ల పని మొదలుపెట్టబోతుంటే అంతమంది నోరు మూసుకుని ఆగడం మనిళ్ళల్లో ఎప్పుడైనా చూశారా?

మన పనులకి మొదలంటూ ఉండదు. కళ్ళు తెరిచేసరికే పని మధ్యలో ఉంటాం. కాఫీ ఏదీ, సాక్సులేవీ, మోటారు వేశావా, అని నాలుగు గదుల్లోంచి నాలుగు గొంతులు. గోల్ఫు నియమాల పుస్తకం 2019 నుంచి, మీ వంతు వచ్చాక ఒక్కో దెబ్బకి 40 సెకన్లు మించకుండా చూసుకోండి అని సలహా ఇస్తోందట. ఆటగాళ్ళకి అది తొందరపెట్టడం కాబోలు. నాకు మాత్రం వరంలా వినిపించింది. స్టవ్ వెలిగించే ముందు నా కోసం ఎవరైనా 40 సెకన్లు ఆగితే ఎంత బాగుండును!

పండగ వెళ్ళిన నెలకి మా అమ్మాయి ఫోన్ చేసింది. పెళ్ళికి ముందు బళ్ళో లెక్కలు చెప్పేది. పిల్లలు పుట్టాక మానేసింది. ఇప్పుడు పిల్లలు ఎదిగారు, మళ్ళీ వెళ్ళాలనుంది. కానీ గొంతులో ఏడుపు. "నాతో చేరినవాళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌లయ్యారమ్మా. నేను పదేళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను" అంది. వెళ్ళిన రోజు నుంచే పెద్ద క్లాసులూ, సాయంత్రం ట్యూషన్లూ, రాత్రి పరీక్షకి చదువూ అన్నీ పట్టేసి ఆ పదేళ్ళూ రెండేళ్ళలో సంపాదించేస్తానంది.

మొదట నేనేమీ మాట్లాడలేదు. దాన్ని పూర్తిగా చెప్పనిచ్చాను. తర్వాత మేనల్లుడి కర్ర సంగతి చెప్పాను. "వెనక్కి వెళ్ళకుండా ఏ కర్రా ముందుకి రాదే. వెనక్కెళ్ళడం ఓడిపోవడం కాదు, దెబ్బలో సగం అదే. కాకపోతే ఇప్పుడు గబుక్కున లాక్కోకు. ఒళ్ళూ, ఇల్లూ, ఉద్యోగం కలిసి కదిలేటట్టు మొదటి మూరెడు నెమ్మదిగా తియ్యి" అన్నాను. అది కాసేపు ఊరుకుంది. తర్వాత నవ్వి, "నువ్వు గోల్ఫు ఎప్పుడు నేర్చుకున్నావమ్మా?" అంది. జూన్‌లో దగ్గర్లో ఉన్న చిన్న బళ్ళో పూటపనికి చేరింది. రోజుకి మూడు క్లాసులు. జీతం తక్కువే. కానీ ఇప్పుడు ఫోన్లో ఏడుపు వినిపించడం లేదు, పిల్లలు చేసిన తప్పు లెక్కలు చెప్పి నవ్విస్తోంది.

మేనల్లుడు చాంపియనేమీ కాలేదు. సెలవు అయ్యే నాటికి పదింటిలో ఆరు బంతులు బొంతకి తగిలాయి, మిగతా నాలుగూ కరివేపాకు చెట్టుకే. అదే చాలన్నాడు. వెళ్తూ వెళ్తూ, "మళ్ళీ వచ్చేదాకా ఇక్కడే ఉంచత్తా, నువ్వు కూడా తిప్పు" అని కర్ర మా తలుపు మూలన పెట్టి వెళ్ళాడు.

తిప్పుతున్నాను. పొద్దున్నే కాఫీ పెట్టే ముందు పెరట్లోకి వెళ్ళి మూరెడు వెనక్కి, మూరెడు ముందుకి, ఓ పదిసార్లు. మొదటి వారం మావారు వంటింటి గుమ్మంలో నిలబడి దగ్గారు. రెండో వారం ఇంకాస్త గట్టిగా దగ్గారు. మూడో వారం వెళ్ళి ఆయనే పాలు స్టవ్ మీద పెట్టారు. నిన్న గోడ అవతల్నించి పిన్నిగారు, "ఏమమ్మా, ఆ కర్ర ఓసారి ఇలా ఇయ్యి, నేనూ చూస్తాను" అన్నారు. ఇచ్చాను. డెబ్భై దాటిన మనిషి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, కర్రని నేలకి రాస్తూ నిదానంగా, తిన్నగా వెనక్కి తీశారు. ముగ్గుగీత చెదరలేదు.